ఓర్లాండో పార్కులకు వెళ్తున్నారా? హోటల్ బుక్ చేసే రోజే తిండి సంగతి తేల్చుకోండి

డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులున్న ఫ్లోరిడాలోని ఓర్లాండోకి ట్రిప్ అనుకోగానే ఇంట్లో లెక్కలన్నీ టికెట్ల చుట్టూ, హోటల్ చుట్టూ తిరుగుతాయి. తిండిని మాత్రం "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అని వదిలేస్తాం. మొదటిసారి మేమూ అదే చేశాం. మొత్తం ఆరుగురం: మా ఆయన, నేను, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మొదటి రోజు మధ్యాహ్నం ఐదు ప్లేట్లు, ఒక పిల్లల ప్లేటు, ఆరు డ్రింకులు చెప్పేసరికి ట్యాక్స్‌తో కలిపి 120 డాలర్లు దాటింది. డబ్బు పోతే పోయింది, అత్తయ్యగారు ఆ ప్లేటులోంచి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశారు. "నాకు ఆకలిగా లేదమ్మా" అన్నారు. ఎందుకు తినలేకపోయారో నాకు తెలుసు. ఆ రోజంతా ఆ ప్లేటే నా కళ్ల ముందు తిరిగింది.

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం. అదే ఆరుగురం, అవే నాలుగు రోజులు. ఈసారి హోటల్ వెతికేటప్పుడే పొద్దున ఏం తింటాం, మధ్యాహ్నం ఏం పట్టుకెళ్తాం, రాత్రి ఎక్కడ వేడిగా తింటాం అన్న మూడు ప్రశ్నలూ ముందు పెట్టుకున్నాను. తిండి ఖర్చు సగానికి పైగా తగ్గింది. అందరూ కడుపునిండా తిన్నారు కూడా. ఆ రెండు ట్రిప్పుల్లో తెలిసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. రేట్లను ఉజ్జాయింపుగానే తీసుకోండి, ఏటా పెరుగుతూనే ఉంటాయి.

గది రేటు చూసి మోసపోకండి

హోటల్ సైట్లో కనిపించే రేటుకీ చివరికి మనం కట్టేదానికీ చాలా తేడా ఉంటుంది. ఓర్లాండోలో చాలా హోటళ్లు గది రేటు పైన రోజుకింత అని రిసార్ట్ ఫీజు పేరుతో అదనంగా వేస్తాయి, పార్కింగ్‌కి వేరే తీసుకుంటాయి. ఆ పైన పన్ను. ఆరెంజ్ కౌంటీలో హోటల్ గదిపై మొత్తం పన్ను 12.5 శాతం, కిస్సిమ్మీ ఉన్న ఆసియోలా కౌంటీలో 13.5 శాతం.

ఒక హోటల్ రాత్రికి 130 డాలర్లు అనుకుందాం. రిసార్ట్ ఫీజు 30, పార్కింగ్ 20 కలిపితే 180. పక్కనే ఇంకో హోటల్ 175, పార్కింగ్ ఫ్రీ, బ్రేక్‌ఫాస్ట్ కూడా ఫ్రీ. మొదటిది చవక అనిపిస్తుంది కానీ అక్కడ దిగితే రోజూ పొద్దున బయట తినాలి. మనిషికి పది డాలర్ల లెక్కన చూసుకున్నా నలుగురికి 40, ఆరుగురికి 60. నాలుగు రోజులకి అది చిన్న మొత్తం కాదు. అందుకే నేను ఇప్పుడు ఏ హోటల్ చూసినా గది, ఫీజులు, పార్కింగ్, ఒక పొద్దుటి తిండి, ఈ నాలుగూ కలిపి ఒకే అంకె వేసుకుని అప్పుడు పోలుస్తాను.

బ్రేక్‌ఫాస్ట్ ఇచ్చే హోటళ్లు

హాంప్టన్ ఇన్, హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ లాంటివి వేడి బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీగా ఇస్తాయి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి గానీ స్టవ్ ఉండదు. ఎంబసీ సూట్స్‌లో గది రెండు భాగాలుగా ఉంటుంది, పొద్దున మనం అడిగినట్టు ఆమ్లెట్ వేసిస్తారు. కానీ అక్కడా స్టవ్ ఉండదు. పేరులో సూట్స్ అని ఉంది కదా, కిచెన్ ఉంటుందిలే అనుకుని చాలామంది పొరబడతారు. నిజంగా వంట చేసుకోవాలంటే హోమ్‌వుడ్ సూట్స్, రెసిడెన్స్ ఇన్ లాంటివి చూడండి. పెద్ద ఫ్రిజ్, స్టవ్, గిన్నెలు, డిష్‌వాషర్ అన్నీ ఉంటాయి, బ్రేక్‌ఫాస్ట్ కూడా ఫ్రీ. డ్రూరీ హోటళ్లలో బ్రేక్‌ఫాస్ట్‌తో పాటు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా వేడి వేడిగా ఏదో ఒకటి పెడతారు. డిస్నీ వాళ్ల షాపింగ్ ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్ దగ్గర డ్రూరీ హోటల్ ఒకటుంది. పార్కు నుంచి త్వరగా వచ్చేసే చిన్నపిల్లల కుటుంబానికి అదే డిన్నర్ అయిపోతుంది. రాత్రి బాణసంచా దాకా పార్కులోనే ఉండేవాళ్లకి మాత్రం ఆ సాయంత్రపు తిండి దక్కదు. కాబట్టి మీరు ఏ వేళకి తిరిగొస్తారో ముందు ఆలోచించుకోండి.

హాలిడే ఇన్ హోటళ్లలో చాలాచోట్ల ఇంకో సౌకర్యం ఉంది. 11 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లలు అక్కడే దిగిన పెద్దవాళ్లతో కలిసి హోటల్ రెస్టారెంట్‌లో పిల్లల మెనూ నుంచి తింటే డబ్బు తీసుకోరు. ఇది హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్‌లో ఉండదు, ఎందుకంటే అక్కడ రెస్టారెంటే ఉండదు. బుక్ చేసే ముందు ఆ హోటల్ ఈ పద్ధతిలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకటి టైమ్. పార్కు తెరిచే వేళకి గేటు దగ్గర ఉండాలంటే మనం ఏడింటికల్లా బయల్దేరాలి. కొన్ని హోటళ్లలో శని, ఆదివారాల్లో బ్రేక్‌ఫాస్టే ఏడింటికో ఆ తర్వాతో మొదలవుతుంది. అలాంటి రోజుకి ముందు రాత్రే అరటిపళ్లు, బ్రెడ్డు గదిలో పెట్టుకోవాలి.

రెండోది శాకాహారులకి. బంగాళాదుంప ముక్కలు బేకన్ వేయించిన పెనం మీదే వేగి ఉండొచ్చు. కొన్ని రకాల యోగర్ట్ కప్పుల్లో, మార్ష్‌మాలో ఉన్న సీరియల్స్‌లో జెలటిన్ కలుస్తుంది. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, పెద్దవాళ్ల కళ్లకి ఆనదు, మనమే చూసి చెప్పాలి. ఓట్‌మీల్, పళ్లు, టోస్ట్, వాఫుల్ దొరుకుతాయి. గుడ్డు తినని వాళ్లు వాఫుల్ పిండిలో గుడ్డు ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

డిస్నీ హోటల్లో దిగితే

డిస్నీ సొంత హోటళ్లలో చవకైనవి ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటివి. బస్సులు ఫ్రీ, పార్కుల దగ్గర పార్కింగ్ ఫ్రీ, పిల్లలకి పండగే. తిండి దగ్గరికొస్తే మాత్రం గదిలో ఉండేది చిన్న ఫ్రిజ్ ఒక్కటే. మామూలు గదుల్లో మైక్రోవేవ్ ఉండదు, వేడి చేసుకోవాలంటే కింద ఫుడ్ కోర్టు దాకా వెళ్లాలి. రాత్రి తొమ్మిదింటికి కాళ్లు లాగేస్తుంటే డబ్బా పట్టుకుని కిందికి దిగి మళ్లీ పైకి రావడం ఎలా ఉంటుందో మొదటి ట్రిప్పులో బాగా తెలిసింది. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్, ఆల్ స్టార్ మ్యూజిక్‌లలో ఫ్యామిలీ సూట్లున్నాయి. వాటిలో మైక్రోవేవ్, సింక్ కూడా ఉంటాయి, రేటు మాత్రం బాగా ఎక్కువ.

తిండికి ముందే డబ్బు కట్టేసే డిస్నీ డైనింగ్ ప్లాన్ తీసుకోవాలా వద్దా అని చాలామంది అడుగుతారు. డిస్నీ హోటల్లో ప్యాకేజీ మీద దిగినవాళ్లకే అది దొరుకుతుంది. 2024 జనవరిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు చవకైన క్విక్ సర్వీస్ (కౌంటర్ దగ్గర తీసుకుని తినే తిండి) ప్లాన్ పెద్దవాళ్లకి రాత్రికి 57 డాలర్లు, మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి 24 లోపు. ఒక్కో రాత్రికి మనిషికి రెండు కౌంటర్ భోజనాలు, ఒక స్నాక్ వస్తాయి, హోటల్లో డ్రింక్ నింపుకునే మగ్ ఒకటిస్తారు. పదేళ్లు దాటితే పిల్లలైనా పెద్దవాళ్ల రేటే. గదిలో మూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ తీసుకోవాల్సిందే, ఇద్దరికి తీసుకుని మిగతావాళ్లని వదిలేయడం కుదరదు. మా ఆరుగురికి ఆ రేట్ల ప్రకారం లెక్కేస్తే రాత్రికి 309 డాలర్లు తేలింది.

ఈ ప్లాన్ ఎవరికి గిట్టుబాటు అవుతుందంటే, ప్రతి పూటా మెనూలో ఖరీదైన ప్లేటు తినేవాళ్లకి. మాంసం ప్లేటు ఇరవై డాలర్ల దగ్గర ఉన్నచోట కూరగాయల ప్లేటు పదమూడో పద్నాలుగో ఉంటుంది. రెండింటికీ ప్లాన్‌లో పోయేది ఒకే క్రెడిట్, అంటే ఒక భోజనం లెక్కే. అంటే శాకాహారులు ఎక్కువ కట్టి తక్కువ తింటారు. ఇంట్లో కొద్దిగా తినే పెద్దవాళ్లు ఉన్నా అంతే. పిల్లలు తొమ్మిది లోపువాళ్లయి, అందరూ అన్నీ తినేవాళ్లయి, బడ్జెట్ గురించి రోజూ టెన్షన్ పడకుండా ముందే కట్టేసి తిరగాలనుకునే కుటుంబమైతే ఆలోచించొచ్చు. మా లాంటి ఇంటికి మాత్రం వద్దనే చెప్తాను.

వెకేషన్ హోమ్

కిస్సిమ్మీ, డావెన్‌పోర్ట్ వైపు స్విమ్మింగ్ పూల్‌తో ఇళ్లు అద్దెకి దొరుకుతాయి. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే, పదిమంది దాకా ఉంటే దీన్ని మించింది లేదు. మూడు బెడ్‌రూములు, పూర్తి కిచెన్, వాషింగ్ మెషీన్. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం, చారు ఇంట్లో ఉన్నట్టే. కానీ శుభ్రం చేసే ఛార్జి ఒకేసారి పెద్ద మొత్తం వేస్తారు, కాబట్టి రెండు మూడు రాత్రులకి గిట్టదు. కారు తప్పనిసరి, డిస్నీ పార్కింగ్‌కి రోజుకి 30 డాలర్లు, ఆ పైన అవుతుంది. ఇంకో విషయం ఎవరూ చెప్పరు గానీ నేను చెప్తాను: పెద్ద కిచెన్ ఉందంటే వంట చేసేది ఇంట్లో ఆడవాళ్లే అవుతారు. సెలవుకి వచ్చి ఇక్కడ కూడా స్టవ్ ముందే నిలబడాలా అని మా తోడికోడలు ఒకసారి బాధపడింది. వెళ్లేముందే ఏ పూట ఎవరు వండాలో, ఎవరు గిన్నెలు సర్దాలో పంచుకోండి.

యూనివర్సల్ వైపు ఎక్కువ రోజులు తిరిగేవాళ్లు వాళ్ల సొంత హోటళ్లలో కబానా బే ఫ్యామిలీ సూట్లు, ఎండ్‌లెస్ సమ్మర్‌లో రెండు బెడ్‌రూముల సూట్లు చూడొచ్చు. చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్, సింక్ ఉంటాయి. బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ కాదు.

మా రెండో ట్రిప్పులో ఇవన్నీ పోల్చి చివరికి తీసుకున్నది కిచెన్, బ్రేక్‌ఫాస్ట్ రెండూ ఉన్న రెండు బెడ్‌రూముల సూట్.

పార్కులోకి ఏం పట్టుకెళ్లనిస్తారు

ఇక్కడ డిస్నీకీ యూనివర్సల్‌కీ చాలా తేడా ఉంది. రెండూ ఒకటే అనుకుని వెళ్తే గేటు దగ్గర ఇబ్బంది పడతారు.

డిస్నీలో మన తిండి మనం తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు కూడదు, పసిపిల్లల ఫుడ్ సీసాలు తప్ప. వేడి చేయాల్సిన పదార్థం, ఘాటైన వాసన వచ్చే పదార్థం వద్దంటారు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. విడి ఐసు, డ్రై ఐసు రానివ్వరు, గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టుకోవాలి. అంటే పులిహోర, పెరుగన్నం, చపాతీ చుట్టలు, శాండ్‌విచ్‌లు అన్నిటికీ దారి ఉంది. ఆవకాయ డబ్బా, ఇంగువ గుప్పుమనే పచ్చళ్లు మాత్రం గదిలోనే ఉంచండి. సెక్యూరిటీ దగ్గర తిండి డబ్బాలన్నీ ఒకే సంచిలో పైకి కనిపించేలా పెట్టుకుంటే పని త్వరగా అయిపోతుంది.

యూనివర్సల్‌లో పిక్నిక్ లంచ్ లాంటిది రానివ్వరు. మంచినీళ్ల సీసా, వేడి చేయక్కర్లేని చిన్న స్నాక్స్, పసిపిల్లల ఫుడ్, ఆరోగ్య కారణాల వల్ల గానీ ప్రత్యేక ఆహార నియమం వల్ల గానీ అవసరమైన తిండి, వీటికి అనుమతి ఉంది. ఇన్సులేటెడ్ బ్యాగు మెత్తటిదై ఉండాలి, అదీ ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, ఆరు ఎత్తు, ఆరు లోతు లోపు. 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ పార్కు ఎపిక్ యూనివర్స్ వాళ్ల మిగతా రెండు పార్కులకి పక్కన లేదు, కొన్ని మైళ్ల దూరంలో విడిగా ఉంది. మధ్యాహ్నం అటూ ఇటూ తిరిగి తినొద్దామనుకోకండి. అందుకే మేం యూనివర్సల్ రోజున లంచ్ లోపలే కొంటాం, డిస్నీ రోజుల్లో మాత్రం డబ్బాలు మోస్తాం.

అన్నం విషయంలో ఒక హెచ్చరిక. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకి మించి ఉంచొద్దనీ, వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటకి మించొద్దనీ అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం 90 దాటడం రోజూ ఉండేదే. మన పులిహోర రెండు రోజులైనా నిలవుంటుందన్న ధైర్యం అక్కడ పనికిరాదు. ముందు రాత్రే కలిపి, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఐస్ ప్యాకుల మధ్య సర్దాలి. పదకొండున్నరకల్లా తినేయాలి. ముందే తినడంలో ఇంకో లాభం ఉంది, అందరూ పన్నెండున్నరకి తిండి క్యూల్లో ఉంటే రైడ్‌ల దగ్గర కాస్త ఖాళీ దొరుకుతుంది.

ఒక మధ్యాహ్నం డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ పార్కులో పెద్ద చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నాం. మావయ్యగారు స్టీలు డబ్బా మూత తీశారు. లోపల పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు, కరివేపాకు. డబ్బా వెలుపల చెమట పట్టినట్టు నీటి బిందువులు. చల్లటి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "ఇప్పుడు ఎంతసేపు నడవమన్నా నడుస్తాను" అన్నారు. అన్నట్టే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా కూర్చుందామనలేదు.

లోపలే కొనాల్సి వస్తే

ముందు నీళ్ల సంగతి. పార్కులో నీళ్ల సీసా నాలుగు డాలర్లు. ఆరుగురు మూడేసి సీసాలు తాగితే 72 డాలర్లు. డిస్నీలో క్విక్ సర్వీస్ కౌంటర్ దగ్గర ఐసు నీళ్ల కప్పు అడిగితే ఫ్రీగా ఇస్తారు, వేరే ఏమీ కొనక్కర్లేదు. యూనివర్సల్‌లోనూ ఫ్రీగానే ఇస్తారు. మొహమాటపడకుండా ఆరు కప్పులు అడగండి. ఇంటి నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకుంటే అందులోకి ఒంపుకోవచ్చు. అక్కడి కుళాయి నీళ్ల రుచి చాలామందికి నచ్చదు, నిమ్మకాయ పొడి పాకెట్లు ఉంటే పిల్లలు పేచీ పెట్టకుండా తాగుతారు.

క్విక్ సర్వీస్ చోట్ల పిల్లల ప్లేటు పెద్దవాళ్లూ తీసుకోవచ్చు, వయసు అడగరు. ఎనిమిది తొమ్మిది డాలర్లలో చిన్న భోజనం, పక్కన పండో కూరగాయలో వస్తాయి. అత్తయ్యగారికి అదే సరిపోయింది. పెద్ద ప్లేటు ఇద్దరు పంచుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఫోన్లో డిస్నీ యాప్‌లో ఆర్డర్ చేస్తే మెనూ, రేటు ముందే కనబడతాయి, క్యూలో నిలబడి కంగారులో ఏదో ఒకటి చెప్పేసే బాధ తప్పుతుంది. మెనూలో ఆకు గుర్తు ఉన్నవాటిలో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ఉండవు. గుడ్డు కూడా తినని వాళ్లకి ఆ గుర్తు పెద్ద ఊరట.

మిక్కీ లాంటి డిస్నీ క్యారెక్టర్లు టేబుల్ దగ్గరికి వచ్చి ఫొటోలు దిగే భోజనం పిల్లలు కచ్చితంగా అడుగుతారు. రాత్రి పూట పెద్దవాళ్లకి అరవై డాలర్ల పైమాటే. పైగా డిస్నీలో ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది కూర్చుంటే 18 శాతం టిప్ బిల్లులోనే వేసేస్తారు. పన్ను 6.5 శాతం కలిపి మా ఆరుగురికి లెక్కేస్తే 450 డాలర్ల దగ్గర తేలింది. అదే బ్రేక్‌ఫాస్ట్ పూట కాస్త తక్కువ. పిల్లలకి మూడేళ్లు నిండకముందు వెళ్తే వాళ్లకి డబ్బు తీసుకోరు, పదేళ్లు నిండకముందు వెళ్తే పిల్లల రేటు. పుట్టినరోజు దగ్గర పడుతుంటే ట్రిప్పు దానికి ముందే పెట్టుకోవడం మంచిది.

ఆ డబ్బు పెట్టలేకపోయినా పిల్లలకి గుర్తుండిపోయే భోజనం ఒకటి పెట్టాలనుకుంటే నా సలహా డిస్నీ హోటల్ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే రెస్టారెంట్. కిదానీ విలేజ్ అనే భాగంలో ఉంటుంది. పార్కు టికెట్ అక్కర్లేదు, రిజర్వేషన్ ఉంటే అక్కడ పార్కింగ్‌కీ డబ్బు కట్టక్కర్లేదు. బ్రెడ్ సర్వీస్ అని అడిగితే నాన్ లాంటి రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల నంజుళ్లు తెస్తారు: మామిడి చట్నీ, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, కీరా రైతా, వెల్లుల్లి పచ్చడి వగైరా. ఇరవై డాలర్ల పైచిలుకు. ఆరుగురికి రెండు తీసుకుని, పిల్లలకి ఏదైనా చెప్పుకుంటే సరిపోతుంది. కిటికీ అవతల జిరాఫీలు, జీబ్రాలు గడ్డి మేస్తుంటాయి. చీకటి పడితే ఏమీ కనబడదు, అందుకే వెలుతురున్నప్పుడే వెళ్లాలి. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. రద్దు చేసుకోవాలంటే రెండు గంటల ముందు చేయాలి, లేకపోతే మనిషికి పది డాలర్లు పట్టుకుంటారు.

రాత్రి భోజనం

పార్కులో పన్నెండు గంటలు తిరిగాక ఎవరికీ వంట ఓపిక ఉండదు. కిచెన్ ఉన్న సూట్ తీసుకున్నంత మాత్రాన రోజూ వండేస్తామనుకోకండి. మేం నాలుగు రాత్రుల్లో రెండు రాత్రులే వండాం, అదీ అన్నం, పప్పు, అప్పడాలు. ఒక రాత్రి నేను ఇంగువ తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగింది. పిల్లలు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచారు, కింద నుంచి హోటల్ మనిషి పరిగెత్తుకొచ్చాడు. అప్పటి నుంచి తాలింపు గింజలు ఇంట్లోనే వేయించి డబ్బాలో పోసుకుని వెళ్తున్నాను, పప్పు మైక్రోవేవ్‌లో వేడి చేసి పైన కలిపేస్తే చాలు. కిచెన్ లేని గదిలో రైస్ కుక్కర్, హాట్ ప్లేట్ పెట్టుకోవడం చాలా హోటళ్లు ఒప్పుకోవు. దొంగతనంగా పెట్టుకోవద్దు, ఏమైనా అయితే ప్రమాదం మన ఒక్కరికే కాదు.

సరుకులకి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలోనే వాల్‌మార్ట్‌లోనో, పబ్లిక్స్‌లోనో, ఆల్డీలోనో ఆగండి. ఫ్లోరిడాలో మామూలు కిరాణా తిండి మీద సేల్స్ ట్యాక్స్ లేదు. రెస్టారెంట్ బిల్లు మీద ట్యాక్స్, ఆ పైన టిప్ కలిసి పాతిక శాతం దాకా పెరుగుతుంది, ఈ తేడా ఒక్కటే చాలు అరటిపళ్లు, పెరుగు, బ్రెడ్డు, నీళ్ల కేసు గదిలో పెట్టుకోవడానికి. ఇండియన్ సరుకులకి సౌత్ ఆరెంజ్ బ్లాసమ్ ట్రైల్ వైపు వెళ్లాలి. ఫ్రోజెన్ పరాఠాలు కొనుక్కుంటే పెనం మీద ఐదు నిమిషాల పని. విమానంలో వెళ్తుంటే పచ్చళ్లు చెకిన్ బ్యాగులోనే పెట్టాలి, చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటితే తీయించేస్తారు. కందిపొడి, కారప్పొడి 350 మిల్లీలీటర్ల డబ్బా కంటే ఎక్కువైతే విడిగా తనిఖీ చేస్తారు, అవి కూడా చెకిన్‌లో వేసేయడమే మేలు.

ఇండియన్ రెస్టారెంట్లు ఇంటర్నేషనల్ డ్రైవ్, శాండ్ లేక్ రోడ్ వైపు ఎక్కువగా ఉన్నాయి. యూనివర్సల్‌కి దగ్గర. డిస్నీ నుంచి మామూలుగా ఇరవై నిమిషాలే గానీ సాయంత్రం ఐ-4 హైవే మీద ట్రాఫిక్‌లో అది గంటైనా ఆశ్చర్యం లేదు. ఆకలితో ఉన్న పిల్లల్ని కారులో పెట్టుకుని ఆ దారి పట్టకండి. యూనివర్సల్ రోజున అక్కడ తినండి, డిస్నీ రోజున గదిలో తినండి. బయట తినేటప్పుడు ఆరుగురికి ఆరు ప్లేట్లు చెప్పకుండా రెండు కూరలు, ఫ్రైడ్ రైసో ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీయో, నాలుగు నాన్లు చెబితే మర్నాటికీ కొంచెం మిగులుతుంది.

అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్‌లో శాకాహారులకి ఏది పర్వాలేదో తెలుసుకుని వెళ్లాలి. టాకో బెల్‌లో బీన్ బురిటో చవక, కడుపు నిండుతుంది. అక్కడి శాకాహార పదార్థాలకి 2015లో అమెరికన్ వెజిటేరియన్ అసోసియేషన్ గుర్తింపు కూడా వచ్చింది. చిపోట్లేలో వెజ్ బౌల్ తీసుకుంటే గ్వాకమోలేకి (అవకాడో ముద్ద) వేరే డబ్బు తీసుకోరు, ఒక బౌల్ ఇద్దరు పిల్లలకి సరిపోతుంది. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ సంగతి మాత్రం పెద్దవాళ్లకి తప్పకుండా చెప్పండి. అమెరికాలో వాటికి వాడే నూనెలో సహజ బీఫ్ ఫ్లేవర్ కలుస్తుందని కంపెనీ పదార్థాల జాబితాలోనే ఉంది. ఇండియాలో తిన్నవే కదా అని అత్తయ్యగారు చేయి చాపబోతే ఆపి, బండిలో ఉన్న అరటిపండు ఇచ్చాను. మామూలు మెక్సికన్ రెస్టారెంట్లలో అన్నాన్ని చికెన్ నీళ్లతో వండడం, బీన్స్‌లో పందికొవ్వు వేయడం ఉంటుంది, అడిగి తినండి. కాస్ట్కో మెంబర్‌షిప్ ఉంటే వాళ్ల పద్దెనిమిది అంగుళాల చీజ్ పిజ్జా పది డాలర్ల లోపే వస్తుంది, ఆరుగురికి ఒక రాత్రి గడిచిపోతుంది.

మీ ఇంటికి ఏది సరిపోతుంది

ఇద్దరు పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, రెండు మూడు రాత్రులు, కారు లేదు అంటే డిస్నీ హోటల్లో మామూలు గది తీసుకుని, సరుకులు డెలివరీ చేయించుకుని, పొద్దున గదిలో, మధ్యాహ్నం డబ్బా, రాత్రి ఫుడ్ కోర్టు అనుకోండి. డైనింగ్ ప్లాన్ వద్దు. కారు ఉండి నలుగురైతే ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న హోటల్ చాలు, స్టవ్ కోసం ఎక్కువ కట్టొద్దు. అమ్మానాన్నలో అత్తమామలో వెంట ఉండి, రోజుకి ఒక పూటైనా వాళ్లు అన్నం తినాలంటే కిచెన్ ఉన్న సూట్‌కి రాత్రికి నలభై, యాభై డాలర్లు ఎక్కువైనా కళ్లు మూసుకుని తీసుకోండి, రెండు పూటల్లోనే ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది. రెండు కుటుంబాలు, నాలుగు రాత్రులకి పైన అంటే వెకేషన్ హోమ్.

ఏది తీసుకున్నా చివరి రోజుకి సరుకులు మిగలకుండా మూడో రోజు రాత్రే ఫ్రిజ్ తెరిచి చూసుకోండి. మాకు అర డబ్బా పెరుగు, నాలుగు పరాఠాలు, రెండు యాపిల్స్ మిగిలాయి. మర్నాడు పొద్దున పరాఠాలు కాల్చి, ఫాయిల్‌లో చుట్టి ఎయిర్‌పోర్టుకి పట్టుకెళ్లాం. చేతి బ్యాగులో వాటికి అడ్డు లేదు, పెరుగు మాత్రం సెక్యూరిటీకి ముందే తినేయాలి.